గూటికి చేరే గుంపులు: మీ ప్రశ్నలు, నా లెక్కలు

పోయిన నెల ఈ శీర్షికలో, పొద్దుగూకే వేళ చెట్లకు చేరే పిట్టలను లెక్కపెట్టి చూడమని నాలుగు ముక్కలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. కొందరు లెక్కపెట్టి పంపారు, కొందరు లెక్క తప్పి విసుక్కున్నారు, ఒకాయన అయితే రిటైరయ్యాక ఇదేం పని అని నన్నే నిలదీశారు. ఆయనకు జవాబు లేదు. మిగతావారికి ఇవిగో.

ప్రశ్న: టీచర్ గారూ, మా వీధి చివర పెద్ద రావిచెట్టు ఉంది. సాయంత్రమైతే గోరింకలు, చిలుకలు, కాకులు, అన్నీ దానిమీదకే. లెక్కపెడదామని మేడ ఎక్కితే వంద దాటేసరికి అంతా కలగాపులగం అయిపోతోంది. చెట్టు మీద ఉన్నవాటిని లెక్కపెట్టాలా, ఎగిరొచ్చేవాటినా?
– ఒక గృహిణి, తెనాలి

ముందు చెట్టు వైపు చూడటం మానేయండి. ఆకుల్లో దూరిన గోరింకను లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. కొమ్మ మారుతుంది, పక్కదాన్ని పొడిచి లేపుతుంది, ఊరికే లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ అక్కడే వాలుతుంది. లెక్కంతా చెట్టుకు బయట, గాలిలో జరగాలి. మీ మేడ మీద నుంచి చూస్తే చెట్టుకు కాస్త ఇవతల కరెంటు తీగో, ఎదురింటి పిట్టగోడో కనిపిస్తుంది కదా. అదే మీ గీత. దాన్ని దాటి లోపలికి వచ్చిన పిట్ట ఒకటి. దాటి బయటికి పోయింది కూడా ఒకటే, కానీ దాన్ని వేరే వరసలో రాసి చివర్లో తీసేయాలి. గీత లోపల అవి ఎన్ని గంతులు వేసినా మనకు పట్టదు.

సూర్యుడు అస్తమించడానికి ముప్పావు గంట ముందే కూర్చోండి. డిసెంబరులో మన గుంటూరు వైపు ఐదూ నలభై ప్రాంతంలో పొద్దుగూకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. కాబట్టి గడియారం చూసి రోజూ ఐదున్నరకే అని పెట్టుకుంటే నెలనెలకూ లెక్క మారిపోతుంది. మబ్బు పట్టిన రోజు పిట్టలు ఇంకా ముందే వచ్చేస్తాయి, ఆ సంగతి పుస్తకంలో రాసుకోండి.

మా వైపు నేను చూసినంతలో గోరింకలు ముందు వస్తాయి. నేరుగా చెట్టులోకి పోకుండా దగ్గరి తీగల మీదా, డాబాల మీదా చేరి కాసేపు పోట్లాడుకుంటాయి. అక్కడ ఉన్నప్పుడు లెక్కపెట్టొద్దు. ఎలాగూ గీత దాటి లోపలికి వస్తాయి, లెక్కలో రెండుసార్లు పడిపోతాయి. చిలుకలు ఐదూ పదీ చొప్పున, అరుచుకుంటూ, బాణంలా వస్తాయి. అరుపు వినపడ్డాక తల తిప్పితే అప్పటికే లోపల ఉంటాయి, అందుకే అవి వచ్చే దిక్కుకే ముఖం పెట్టి కూర్చోండి. కాకులు అన్నిటికంటే ఆలస్యం. సూర్యుడు పోయాక కూడా ఏ ఖాళీ స్థలంలోనో మీటింగ్ పెట్టుకుని, వెలుతురు పోతుండగా ఒక్కసారిగా కదులుతాయి.

మూడింటినీ ఒక్కరే ఒకే రోజు లెక్కపెట్టాలని చూడకండి. ఈ రోజు గోరింకలు, రేపు చిలుకలు. మీ వారినో పిల్లలనో పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది, మీరు చూసి చెప్తుంటే వాళ్లు రాస్తారు. ఎవరూ దొరక్కపోతే ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి "పడమర, చిలుకలు, ఏడు" అని చెప్పుకుంటూ పోండి. తల దించి రాసుకునే లోపల ఒక గుంపు దాటిపోతుంది, చాలామందికి లెక్క తప్పేది అక్కడే. గుళ్ల దగ్గర దుకాణాల్లో వేలికి తొడుక్కునే జపం కౌంటర్లు అమ్ముతారు చూడండి, దీనికి అంతకంటే మంచి పరికరం లేదు. నా వేలికి అది చూసి మా వీధిలో నాకు భక్తి కుదిరిందని అనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

అసలు చెయ్యి తిరగాలంటే కొంగలతో మొదలుపెట్టండి. పొలాల్లో గేదెల వెంట తిరిగే తెల్ల కొంగలు పదీ ఇరవై చొప్పున వరసకట్టి, నింపాదిగా, రోజూ ఒకే దారిన వస్తాయి. తెనాలి చుట్టూ వాటికేం కొదవ?

ప్రశ్న: మా నాన్నగారి తద్దినం రోజు పిండం పెట్టి గంటసేపు ఎదురుచూసినా కాకి రాలేదు. మా చిన్నప్పుడు పిలవకుండానే వచ్చేవి. కాకులు నిజంగా తగ్గిపోయాయా?
– రిటైర్డ్ ఉద్యోగి, ఖమ్మం

మీ మేడ మీదకు కాకి రాకపోవడానికీ, ఊళ్లో కాకులు తగ్గడానికీ మధ్య చాలా దూరం ఉంది సార్. వీధి చివర చెత్తకుండీ ఎత్తేస్తే చాలు, కాకి ఇంకో వీధికి పోతుంది. పగటిపూట ఎక్కడ తిండి దొరికితే అక్కడ ఉండే జీవి అది. దాన్ని పగలు లెక్కపెట్టి ఊరి సంగతి చెప్పలేం.

రాత్రి అలా కాదు. చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల మేర తిరిగే కాకులన్నీ రెండు మూడు చోట్లకే చేరతాయి. బస్టాండు వెనక చెట్లో, పాత ఆఫీసుల ఆవరణో, చెరువు గట్టు మీది తుమ్మలో. అవి ఎక్కడో కనిపెట్టడం కష్టం కాదు. సాయంత్రం ఐదున్నర తర్వాత మేడ ఎక్కి కాకులు ఏ దిక్కుకు పోతున్నాయో చూడండి. మర్నాడు ఆ దిక్కుగా ఒక కిలోమీటరు వెళ్లి మళ్లీ చూడండి. చివరికి కింద రోడ్డు రెట్టలతో తెల్లగా కనిపించే చోటుకు చేరతారు.

అయితే ఒక నెల లెక్కను ఇంకో నెలతో పోల్చకూడదు. ఎండాకాలం నుంచి వానలు పడేదాకా కాకులు గూళ్లు పెడతాయి. జంటలు గూటి దగ్గరే రాత్రి గడుపుతాయి కాబట్టి అందరూ చేరే చెట్టు దగ్గర సంఖ్య పడిపోతుంది. పిల్లలు ఎగిరాక, చలికాలానికి, అవి కూడా కలిసి గుంపు పెరుగుతుంది. జనవరిలో ఎక్కువ చూసి, మే నెలలో తక్కువ చూసి "కాకులు అంతరించిపోతున్నాయి" అని రాసేవాళ్లు నాకు ప్రతి ఏడాదీ తగులుతారు. ఈ జనవరికీ వచ్చే జనవరికీ పోల్చండి. అదే చోటు, అదే గీత. అలా కొన్నేళ్లు రాస్తే మీ అనుమానానికి జవాబు మీ నోటుపుస్తకంలోనే దొరుకుతుంది.

తద్దినం సంగతి పురోహితుణ్ణి అడగండి. నాకు తెలిసింది కాకి సంగతే.

ప్రశ్న: మేడమ్, మా ఊరి చెరువు దగ్గర తుమ్మ చెట్లలోకి చలికాలంలో గులాబి గోరింకలు వస్తాయి. నేను, మా ఫ్రెండ్ కలిసి లెక్కవేస్తే ఎనిమిది వేలు వచ్చింది. ఒక పేపర్లో మాత్రం లక్ష అని వేశారు. మాది తప్పా?
– డిగ్రీ విద్యార్థి, నంద్యాల

ఎనిమిది వేలు ఎలా వచ్చిందో కూడా రాసి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని. సరే, లక్ష సంగతి చూద్దాం. మీ చెరువు దగ్గర అవి వచ్చేది మొత్తం నలభై నిమిషాలు అనుకో. లక్ష చేరాలంటే నిమిషానికి రెండున్నర వేలు, అంటే సెకనుకు నలభైకి పైగా, ఒక్క సెకను కూడా ఆగకుండా రావాలి. నువ్వు అక్కడే ఉన్నావు కదా, అలా వచ్చాయా? ఎనిమిది వేలంటే నిమిషానికి రెండు వందలు, సెకనుకు మూడు నాలుగు. ఏది నీ కళ్లకు కనిపించిందో నువ్వే చెప్పు. పెద్ద అంకె విన్నప్పుడల్లా దాన్ని ఇలా సెకన్లలోకి విడగొట్టి చూడు, చాలా లక్షలు అక్కడే కరిగిపోతాయి.

నీ ఎనిమిది వేలు కాస్త తక్కువే అయి ఉండొచ్చు. గుంపు పెద్దదయ్యే కొద్దీ మనుషులు తక్కువగా అంచనా వేస్తారు. ఇది చాలా దేశాల్లో పరీక్షించి చూసిన సంగతే. గుంపుకు లోతు ఉంటుంది, ముందున్న పిట్ట వెనకున్నదాన్ని కప్పేస్తుంది. అందుకని గుంపు మీద ఒక్కసారిగా అంకె పడేయకూడదు. మొదట గుంపు అంచున పది పిట్టలు నిజంగా లెక్కపెట్టు. ఆ పది ఆకాశంలో ఎంత జాగా తీసుకున్నాయో చూసుకో. అలాంటివి ఐదు కలిపితే యాభై, రెండు యాభైలు వంద. ఆ వంద ముక్కతో మిగతా గుంపును కొలుచుకుంటూ పో. మధ్యలో చిక్కగా ఉంటుంది, అంచుల్లో పలచగా ఉంటుంది, కాబట్టి ముక్క సైజు కూడా మార్చుకోవాలి.

ఆగకుండా ధారగా వచ్చే రోజు ఇంకో పద్ధతి. పది సెకన్లలో గీత దాటినవి లెక్కపెట్టు. అరవై అయితే నిమిషానికి మూడు వందల అరవై. ఆ ధార పన్నెండు నిమిషాలు సాగితే నాలుగు వేల మూడు వందల చిల్లర. కానీ ధార ఒకేలా ఉండదు, రెండు నిమిషాలకోసారి కొత్తగా పది సెకన్లు చూడాలి. ఫోన్లో వీడియో కూడా తీసి ఇంటికెళ్లాక ఆపి ఆపి చూడు. అప్పుడు చెప్పిన అంకెకూ వీడియో అంకెకూ తేడా ఎంతో తెలిస్తే నీ కన్ను ఎటు లాగుతుందో తెలుస్తుంది.

ఇంట్లో చేసే సాధన కూడా ఉంది. తెల్ల పళ్లెంలో గుప్పెడు మినుములు చల్లి, మూడు సెకన్లు చూసి ఒక అంకె చెప్పు. తర్వాత లెక్కపెట్టు. మొదట్లో సిగ్గేస్తుంది, పోను పోను దగ్గరికి వస్తావు. మా ఇంట్లో పప్పు డబ్బాలకు ఈ గతి పట్టించాకే పిట్టల జోలికి వెళ్లాను.

ఇక ఈ గులాబి గోరింకలు మధ్య ఆసియా, తూర్పు ఐరోపా వైపు గూళ్లు పెట్టి, పిల్లలు ఎదగ్గానే బయల్దేరతాయి. జులై, ఆగస్టు నెలల్లోనే మన దేశంలో దిగడం మొదలవుతుంది, ఏప్రిల్ దాకా ఉంటాయి. అక్కడ మిడతలు తిని మంచి పేరు, ఇక్కడ జొన్న కంకులు తిని చెడ్డ పేరు. మీ వైపు జొన్న చేలల్లో మంచె మీద వడిసెల తిప్పే పెద్దవాళ్లను అడుగు. ఈ పిట్టలు ఏ వారంలో దిగాయో, సాయంత్రం ఏ దిక్కుకు లేచిపోతాయో వాళ్లకు తెలుసు. పొలం మీద నుంచి అవి లేచే టైము తెలిస్తే చెరువు దగ్గర నీ పని సగం తేలిక.

పేపరుకు ఒక ఉత్తరం రాయి. లెక్క ఎలా కట్టావో వివరంగా రాయి. వేస్తారని హామీ ఇవ్వలేను.

ప్రశ్న: ఇటీవల గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లాం. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వస్తాయని అక్కడ ఎవరో చెబితే పిల్లలు రాసుకున్నారు. సాయంత్రం అవి చెరువుకు చేరుతుంటే లెక్కపెట్టడం అక్కడ కుదురుతుందా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్

ముందు పిల్లల నోట్సులో సైబీరియా కొట్టేయించండి. మన వైపు ఏ పెద్ద పిట్ట కనిపించినా సైబీరియా అనేయడం ఒక అలవాటైపోయింది. చెరువు దగ్గర బోర్డుల మీదా, పేపర్లలోనూ ఇదే పాట. ఉప్పలపాడులో మీరు చూసిన పెలికాన్, అదే గూడబాతు, దక్షిణాసియా పక్షి. మన దేశంలోనే పుట్టి పెరుగుతుంది. 1946లోనే కె.కె. నీలకంఠన్ అనే పక్షి ప్రేమికుడు పశ్చిమ గోదావరి జిల్లాలో వాటి గూళ్ల కాలనీని చూసి, దాని గురించి రాశారు. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో ఏటా గూళ్లు పెడుతున్నవీ అవే. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే, హిందూపురం దగ్గర వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల మీద పిల్లల్ని పెంచుతుంది. నీళ్లు, చేపలు ఉన్నచోటికి ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు తిరుగుతాయి తప్ప వీటికి సైబీరియా ముఖం తెలియదు. దూరం నుంచి వచ్చేవి చూడాలంటే సూదితోక బాతులను చూపించండి, తల మీద నల్ల చారల పెద్ద బాతును చూపించండి. అది హిమాలయాలు దాటి వస్తుంది.

లెక్క సంగతి. ఉప్పలపాడు లెక్కపెట్టడానికి మంచి చోటు. చెరువు చిన్నది, చెట్లన్నీ ఒకే చోట, చుట్టూ తెరిపి. కానీ గూళ్లున్న కాలంలో సాయంత్రం లెక్క గజిబిజిగా ఉంటుంది. తల్లిదండ్రులు పగలంతా మేతకు పోయి వస్తూనే ఉంటాయి, పొద్దుగూకేటప్పుడు కూడా పిల్లల నోట్లో పెట్టి మళ్లీ వెళ్లేవి ఉంటాయి. ఆ కాలంలో పిట్టలను వదిలేసి, మధ్యాహ్నం గూళ్లను లెక్కపెట్టడం మేలు. గూళ్లు ఖాళీ అయ్యాక సాయంత్రం వెళ్లండి. ముందుగా, అంటే పొద్దుగూకడానికి గంట ముందు, అప్పటికే చెట్ల మీద కూర్చున్నవాటిని ఒకసారి లెక్కపెట్టి రాసుకోండి. దాని మీద వచ్చేవి కలుపుకుంటూ పోవాలి. తెల్ల కంకణాలు, అంటే ఐబిస్ పిట్టలు, వరసగా వస్తాయి. నీటికాకులు కిందుగా, వేగంగా వస్తాయి, అన్నీ నల్లగా ఉండటంతో వెలుతురు తగ్గాక చెట్లలో కలిసిపోతాయి. గూడబాతులు పెద్దవి కావడంతో దూరం నుంచే కనిపిస్తాయి, పిల్లలకు వాటిని అప్పగించండి.

ఇంకొక్క చిక్కు. రాత్రి కొంగ అని ఒకటుంది. అన్నీ ఇంటికొచ్చే వేళకు అది నైట్ డ్యూటీకి బయల్దేరుతుంది, క్వాక్ మని అరుస్తూ చెరువు మీంచి బయటికి పోతుంది. దాన్ని బయటికి పోయినవాటి వరసలో రాసి మొత్తంలోంచి తీసేస్తే మీ లెక్క తప్పుతుంది. అది అప్పటిదాకా చెట్టు మీద పగటి నిద్రలో ఉన్నదే. ఆ జాతికి వేరే కాగితం పెట్టండి.

ప్రశ్న: అమ్మమ్మా, పిట్టలన్నీ కలిసే ఎందుకు పడుకుంటాయి? అంత గుంపుగా తిరిగేటప్పుడు గుద్దుకోవా?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, పాలకొండ

నాన్నా, మంచి ప్రశ్న. ఎక్కువ కళ్లుంటే గద్దనో పిల్లినో ఎవరో ఒకరు ముందు చూస్తారు, ఇది అందరూ చెప్పేది. 1973లో వార్డ్, జహావి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో మాట అన్నారు. రాత్రి చేరే చెట్టు కబుర్లు తెలిసే చోటు కూడా అని. నిన్న మేత సరిగా దొరకని పిట్ట, పొద్దున్నే కడుపు నిండినవాటి వెనక పడి పోతుందట. ఇది అన్ని పిట్టలకూ నిజమా కాదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

గుద్దుకోవడం గురించి రోమ్ నగరంలో బాగా పరిశోధించారు. అక్కడ చలికాలం సాయంత్రాలు రైల్వేస్టేషన్ దగ్గర స్టార్లింగ్ పిట్టలు, అంటే మన గోరింకల చుట్టాలు, వేలకు వేలు చేరి ఆకాశంలో మెలికలు తిరుగుతాయి. శాస్త్రవేత్తలు పక్కనున్న మ్యూజియం మేడ మీద కెమెరాలు పెట్టి ఒకే క్షణంలో వేర్వేరు చోట్ల నుంచి ఫోటోలు తీశారు. వాటిని కలిపి ఒక్కో పిట్ట గాలిలో ఎక్కడుందో కనిపెట్టారు. 2008లో ప్రకటించింది ఏమిటంటే, ఏ పిట్టా గుంపు మొత్తాన్ని పట్టించుకోదు. తన దగ్గరున్న ఆరేడింటిని మాత్రం చూసుకుంటుంది. అవి తిరిగితే ఇదీ తిరుగుతుంది. ఆ బృందంలో ఉన్న జోర్జో పరీసికి 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. పిట్టలకే ఇచ్చారని కాదులే, ఆయన చేసిన పని చాలా పెద్దది. కానీ ఫిజిక్స్ చదివితే మేడ ఎక్కి పిట్టల్ని చూడొచ్చని మీ సార్‌కు చెప్పు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఆవరణలో చెట్టు మీద రోజూ కొంగలు వాలి కార్లన్నీ పాడుచేస్తున్నాయి. చెట్టు కొట్టించాలని అసోసియేషన్‌లో తీర్మానం పెడుతున్నారు. నాకు ఇష్టం లేదు. ఏమని వాదించాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

ముందు చట్టం చెప్పండి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలి. గూళ్లు ఉంటే 1972 వన్యప్రాణి చట్టం కూడా అడ్డొస్తుంది, గుడ్లూ పిల్లలూ ఉన్న చెట్టు జోలికి పోకూడదు. చట్టం చెప్పగానే మీటింగులో ముఖాలు మాడతాయి, అందుకని వెంటనే దారి కూడా చూపించండి. గూళ్లు ఖాళీ అయ్యాక, కార్ల మీదకు వంగిన కొమ్మలు మాత్రం కత్తిరించడానికి అనుమతి అడగవచ్చు. ఆ నాలుగు పార్కింగులకూ పైన షీటు వేయించవచ్చు. ఎండిన రెట్టను చీపురుతో ఊడవకుండా నీళ్లు చల్లి కడగాలి, దుమ్ము పీల్చకూడదు, వాచ్‌మన్‌కు ఒక మాస్కు ఇవ్వండి. కార్లున్నవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, రోజూ పొద్దున్నే అద్దం తుడవడం ఎవరికైనా చిరాకే.

ఒక వారం సాయంత్రాలు లెక్కపెట్టి అంకె పట్టుకెళ్లండి. "బోలెడు కొంగలు" అంటే ఎవరూ వినరు. రోజుకు ఇన్ని, ఫలానా వైపు పొలాల నుంచి అని చెబితే కనీసం పిల్లలైనా మీ వైపు చేరతారు.

ప్రశ్న: లెక్కలు ఎక్కడికి పంపాలి? పొద్దున వెళ్లేటప్పుడు లెక్కపెట్టకూడదా? డ్రోన్ వాడొచ్చా?
– పలువురు

మూడూ చకచకా. ఫోన్లో ఈబర్డ్ అనే యాప్ ఉచితం, అందులో చోటు, టైము, అంకె వేయండి. అంకె బదులు ఎక్స్ అని వేస్తే పిట్ట ఉందని మాత్రమే అర్థం, అంత కష్టపడి లెక్కపెట్టాక ఎక్స్ వేయకండి. చెరువుల దగ్గర చేసేవారు జనవరిలో జరిగే ఆసియా జలపక్షుల గణనలో చేరవచ్చు. 1987 నుంచి నడుస్తోంది. హైదరాబాద్‌లో ఉన్నవారికి డెక్కన్ బర్డర్స్ సంస్థ ఉంది.

పొద్దున లెక్కపెట్టవచ్చు గానీ సాయంత్రం అరగంట, ముప్పావు గంట పట్టి వచ్చినవి పొద్దున కొద్ది నిమిషాల్లోనే లేచిపోతాయి. చెయ్యి బాగా తిరిగాకే ఆ పని.

డ్రోన్ వద్దు. గద్ద వచ్చిందనుకుని గుంపంతా లేచిపోతుంది, చీకట్లో తిరిగి వాలలేక తీగలకు తగులుకుంటాయి. ఫ్లాష్ కొట్టడం, టార్చి వేయడం, చప్పట్లు కొట్టి లేపి ఫోటో తీయడం కూడా వద్దు. చీకటి పడ్డాక మిగిలిన కాకులు ఎన్నో తెలియకపోతే, "వెలుతురు పోయింది, 6.05కి ఆపాను" అని రాసి పుస్తకం మూసేయండి.